నెట్‌వర్క్ స్టోరేజి పరికరపు చిట్టా హెచ్చరికలు

ఇంటిలోని కంప్యూటర్లు, ఫోన్లు మరియు టీవీలు అన్నీ కలిసి వాడుకునేలా ఫైళ్ళను ఒకే చోట దాచి ఉంచే చిన్న కంప్యూటరును నెట్‌వర్క్ స్టోరేజి పరికరం అంటారు. సంక్షిప్తంగా దీనిని నాస్ అని వ్యవహరిస్తారు. ఈ పరికరం తనలో జరిగే ప్రతి ముఖ్యమైన సంఘటనను తేదీ, సమయాలతో సహా ఒక ఫైలులో రాసుకుంటుంది. ఈ ఫైలునే సిస్టం చిట్టా లేదా సిస్టం లాగ్ అంటారు. చిట్టాలో ఒకే హెచ్చరిక పదే పదే కనిపించడం చాలా పరికరాలలో జరిగేదే. వీటిలో అధిక భాగం హాని లేనివి. అయితే డిస్కు పాడైపోబోతున్నదని ముందుగా తెలిపే కొద్ది హెచ్చరికలు కూడా వీటి మధ్యనే ఉంటాయి. పెళ్ళి ఫొటోలు, చదువు ధ్రువపత్రాలు, పహాణీలు, పట్టాదారు పాసుపుస్తకాల నకళ్ళు వంటివి ఒకే పరికరంలో దాచుకునే కుటుంబాలకు ఈ రెండు రకాల మధ్య తేడా తెలియడం అవసరం.

చిట్టా, ఆవర్జా

తెలుగునాట వ్యాపారులు పాటించిన లెక్కల పద్ధతిలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉంటాయి. ఆ రోజు జరిగిన వ్యవహారాలను జరిగిన వరుసలోనే రాసేది చిట్టా. వాటినే ఖాతాల వారీగా విడదీసి రాసేది ఆవర్జా. ఎవరెంత బాకీ ఉన్నదీ చిట్టా చూసి వెంటనే చెప్పలేము, ఆవర్జా చూస్తే తెలుస్తుంది.

నాస్ పరికరం రాసేది చిట్టా మాత్రమే. అందులో డిస్కు, నెట్‌వర్కు, విద్యుత్తు, లాగిన్ వంటి వేర్వేరు విషయాలు కలగలిసి ఉంటాయి. వెయ్యి వరుసలను పైనుండి కిందకు చదివినంత మాత్రాన వాటి అర్థం బోధపడదు. ఏ హెచ్చరిక, ఏ భాగం నుండి, ఎన్నిసార్లు, ఏయే వేళల్లో వచ్చిందో విడదీసి పట్టికగా రాసుకోవాలి. అనగా చిట్టా నుండి ఆవర్జా తయారు చేసుకోవాలి. అప్పుడు వెయ్యి వరుసలు సాధారణంగా నాలుగైదు కారణాలుగా తేలిపోతాయి.

చరిత్ర

నేడు చాలా నాస్ పరికరాలలో లినక్సు లేదా యూనిక్సు కుటుంబానికి చెందిన నిర్వాహక వ్యవస్థ ఉంటుంది. వీటి చిట్టా పద్ధతికి సిస్‌లాగ్ అని పేరు. దీనిని 1980లలో ఎరిక్ ఆల్మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు సెండ్‌మెయిల్ అనే ఈమెయిలు సాఫ్టువేరులో భాగంగా రూపొందించాడు. తరువాత ఇతర ప్రోగ్రాములు కూడా దీనినే వాడుకోసాగాయి. వాడుకలో ఉన్న పద్ధతిని వివరిస్తూ 2001లో ఆర్.ఎఫ్.సి. 3164 అనే పత్రం వెలువడింది. 2009లో ఆర్.ఎఫ్.సి. 5424 ద్వారా దీనికి ప్రామాణిక రూపం ఏర్పడింది.

సిస్‌లాగ్ పద్ధతిలో ప్రతి సందేశానికీ ఒక తీవ్రతా సంఖ్య ఉంటుంది. సంఖ్య తగ్గిన కొద్దీ తీవ్రత పెరుగుతుంది.

0 - అత్యయిక స్థితి, వ్యవస్థ పనిచేయదు
1 - వెంటనే చర్య తీసుకోవాలి
2 - విషమ స్థితి
3 - దోషం
4 - హెచ్చరిక
5 - గమనించదగిన సాధారణ విషయం
6 - సమాచారం
7 - ప్రోగ్రామర్లకు పనికివచ్చే వివరాలు

ఈ సంఖ్యను నిర్ణయించేది ఆ సందేశాన్ని పంపిన ప్రోగ్రామును రాసినవారు. కనుక ఒక ప్రోగ్రాము 4గా భావించిన విషయాన్ని మరొకటి 6గా భావించవచ్చు. తీవ్రతా సంఖ్య ఒక్కదానినే నమ్ముకొని నిర్ణయానికి రావడం సరికాదు.

సమయాన్ని సరిచూసుకోవడం

చిట్టా చదివే ముందు పరికరంలోని గడియారం సరిగా ఉన్నదో లేదో చూడాలి. భారత ప్రామాణిక సమయం విశ్వ సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. పరికరంలో టైమ్ జోన్ అమర్చకపోతే చిట్టాలో విశ్వ సమయం నమోదవుతుంది. అప్పుడు ఉదయం 8:30కి జరిగినట్లు కనిపించే సంఘటన నిజానికి మధ్యాహ్నం 2 గంటలకు జరిగినది.

కొన్ని పరికరాలలో గడియారానికి ఆధారమైన చిన్న బిళ్ళ బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కు పోతుంది. 1970 జనవరి 1 అనే తేదీ చిట్టాలో కనిపించడానికి కారణం ఇదే. యూనిక్సు వ్యవస్థలు కాలాన్ని ఆ తేదీ నుండి సెకన్లలో లెక్కిస్తాయి. అంతర్జాలం అందగానే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ ద్వారా గడియారం సరి అవుతుంది. అయితే ఆ లోపు రాసిన వరుసల తేదీలు తప్పుగానే ఉండిపోతాయి. "సమయం సరిచేయబడినది" అనే హెచ్చరిక కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వస్తుంటే బ్యాటరీ మార్చవలసి ఉంటుంది.

హెచ్చరికల రకాలు

డిస్కు హెచ్చరికలు

హార్డుడిస్కు తన ఆరోగ్యాన్ని తానే కొలుచుకునే పద్ధతిని స్మార్ట్ అంటారు. ఐబీఎం 1992లో, కాంపాక్ 1995లో ప్రవేశపెట్టిన పద్ధతుల నుండి ఇది రూపుదిద్దుకున్నది. డిస్కు లోపల కొన్ని లెక్కలు సంఖ్యల వారీగా నమోదవుతుంటాయి. వీటిని డిస్కు స్వయంగా రాసుకునే ఆవర్జా అనవచ్చు. గృహ వినియోగదారులు ముఖ్యంగా గమనించవలసినవి ఇవి:

5వ లెక్క: పాడైనందువల్ల వేరే చోటికి మార్చబడిన సెక్టార్ల సంఖ్య.
197వ లెక్క: చదవడం కష్టమై, తదుపరి నిర్ణయం కోసం వేచి ఉన్న సెక్టార్ల సంఖ్య.
198వ లెక్క: పరీక్షలో చదవలేకపోయిన సెక్టార్ల సంఖ్య.
199వ లెక్క: డిస్కుకు, బోర్డుకు మధ్య సమాచారం చేరవేతలో దొర్లిన తప్పుల సంఖ్య.
194వ లెక్క: డిస్కు ఉష్ణోగ్రత.

వీటిలో 199వ లెక్క పెరగడానికి కారణం చాలాసార్లు డిస్కు కాదు, వదులైన లేదా పాడైన కేబులు. ఈ లెక్క ఒకసారి పెరిగితే తిరిగి తగ్గదు. కనుక కేబులు మార్చిన తరువాత కూడా పాత సంఖ్యే కనిపిస్తుంది. అది ఇంకా పెరుగుతున్నదా లేదా అన్నదే చూడవలసిన విషయం. ఇందుకు భిన్నంగా 5, 197, 198 లెక్కలు పెరగడం డిస్కు ఉపరితలం పాడవుతున్నదనడానికి గుర్తు. ఈ సందర్భంలో మొదట చేయవలసిన పని ఫైళ్ళకు నకలు తీసుకోవడం. పరీక్షలు ఆ తరువాతే. డిస్కు మొత్తాన్ని చదివే దీర్ఘ పరీక్ష బలహీనపడిన డిస్కుపై భారం పెంచుతుంది.

గూగుల్ సంస్థకు చెందిన పిన్హేరో, వెబర్, బరోసో అనే పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. పరీక్షలో మొదటి దోషం బయటపడిన డిస్కు తరువాతి 60 రోజులలో పాడయ్యే అవకాశం, దోషం లేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని వారు తెలిపారు. ఆ పత్రంలోనే మరో ముఖ్య విషయం ఉన్నది. పాడైన డిస్కులలో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రతను మినహాయిస్తే, ఏ స్మార్ట్ సంకేతమూ ఇవ్వకుండానే పాడయ్యాయి. బ్యాక్‌బ్లేజ్ అనే నిల్వ సంస్థ 2016లో వెల్లడించిన గణాంకాలు కూడా ఇటువంటివే. పాడైన డిస్కులలో 76.7 శాతం ముందుగా ఏదో ఒక ముఖ్య సంకేతం ఇచ్చాయి, మిగిలినవి ఇవ్వలేదు. కనుక హెచ్చరిక ఉంటే ప్రమాదం ఉన్నట్లే, కానీ హెచ్చరిక లేనంత మాత్రాన ప్రమాదం లేనట్లు కాదు.

నెట్‌వర్కు హెచ్చరికలు

"లింకు తెగినది", "లింకు కలిసినది" అనే జంట సందేశాలు వెంటవెంటనే వస్తుంటే కారణం సాధారణంగా కేబులు, దాని కొన, స్విచ్చి లేదా రౌటరు. ఎలుకలు కొరికిన వైరు, తలుపు సందులో నలిగిన వైరు ఈ లక్షణాన్నే చూపుతాయి. కేబులును వేరే పోర్టుకు మార్చి చూస్తే లోపం ఎక్కడున్నదో తేలుతుంది.

విండోస్ కంప్యూటర్లతో ఫైళ్ళు పంచుకోవడానికి నాస్‌లలో సాంబా అనే సాఫ్టువేరు ఉంటుంది. పాత పద్ధతిలో ఒక నెట్‌వర్కులోని యంత్రాల జాబితాను తయారుచేసే బాధ్యత ఎవరిదన్న విషయమై యంత్రాల మధ్య ఒక రకమైన ఎన్నిక జరుగుతుంది. ఏదైనా కంప్యూటరు ఆన్ అయినప్పుడల్లా ఈ ఎన్నిక మళ్ళీ జరిగి, చిట్టాలో ఒక వరుస చేరుతుంది. ఇది పూర్తిగా హాని లేనిది.

విద్యుత్తు హెచ్చరికలు

పరికరాన్ని సరైన పద్ధతిలో ఆపకుండా కరెంటు పోతే, తిరిగి మొదలైనప్పుడు "క్రితం సారి సక్రమంగా ఆగలేదు" అనే సందేశం వస్తుంది. జర్నల్ ఉన్న ఫైలు వ్యవస్థలు, ఉదాహరణకు ఈ.ఎక్స్.టి.4, సగంలో ఆగిన పనులను జర్నల్ చూసి సరిచేసుకుంటాయి. ఈ సరిచేతకు సంబంధించిన వరుసలు చూసి భయపడనక్కరలేదు. కానీ ఇవి వారానికి పలుమార్లు వస్తుంటే యూపీఎస్ అవసరమని అర్థం. యూపీఎస్‌ను యూఎస్‌బీ కేబులుతో నాస్‌కు కలిపితే బ్యాటరీ తగ్గుతున్నప్పుడు పరికరం తనంతట తానే సక్రమంగా ఆగిపోతుంది. కేబులు కలపని యూపీఎస్ కొద్ది నిమిషాల వ్యవధిని మాత్రమే ఇవ్వగలదు.

లాగిన్ హెచ్చరికలు

"లాగిన్ విఫలమైనది" అనే వరుసలో ఏ చిరునామా నుండి ప్రయత్నం జరిగిందో ఉంటుంది. ఆ చిరునామా 192.168తో మొదలైతే అది చాలావరకు ఇంటిలోని యంత్రమే. సంకేతపదం మార్చిన తరువాత పాత సంకేతపదాన్నే గుర్తుంచుకున్న ఫోనో, టీవీయో అదే పనిగా ప్రయత్నిస్తూ ఉండవచ్చు. ఇటువంటి ప్రయత్నాలు గడియారం కొట్టినట్లు సమాన వ్యవధులలో వస్తాయి.

చిరునామా బయటిదైతే, పరికరం అంతర్జాలానికి తెరిచి ఉన్నదని అర్థం. రౌటరులోని పోర్టు మళ్ళింపులను వెంటనే పరిశీలించి అనవసరమైన వాటిని మూసివేయాలి. నాస్ పరికరాలనే గురిచేసుకున్న దాడులు పలుమార్లు జరిగాయి. 2014 ఆగస్టులో సినాలజీ పరికరాలపై సినోలాకర్, 2021 ఏప్రిల్‌లో క్యూనాప్ పరికరాలపై క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే వైరసులు ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగాయి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పరికరాలలోని సమాచారాన్ని దుండగులు దూరం నుండే చెరిపివేశారు. 2019 ఏప్రిల్ నెలాఖరులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లు కూడా ఇటువంటి వైరసు బారినపడ్డాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలకు విద్యుత్తు సరఫరా చేసే దక్షిణ మండల సంస్థ వీటిలో ఒకటి.

తెలుగు ఫైలు పేర్లకు సంబంధించిన హెచ్చరికలు

తెలుగులో ఫైళ్ళకు పేర్లు పెట్టేవారికి "పేరు మరీ పొడవుగా ఉన్నది" అనే హెచ్చరిక తరచుగా ఎదురవుతుంది. లినక్సు ఫైలు వ్యవస్థలలో చాలావాటిలో ఒక పేరుకు గరిష్ఠ పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు సరిపోగా, తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న కూడా విడి సంకేతాలే. ఉదాహరణకు "నల్గొండ" అనే మాటలో 7 సంకేతాలు, అనగా 21 బైట్లు ఉన్నాయి. మొత్తం మీద 85 సంకేతాలకు మించిన తెలుగు పేరు ఇమడదు. ఈక్రిప్ట్ఎఫ్ఎస్ పద్ధతిలో రహస్యీకరించిన ఫోల్డర్లలో పరిమితి 143 బైట్లే కనుక 47 సంకేతాలకు మించదు. ప్రతి రాత్రి జరిగే బ్యాకప్పులో ఇటువంటి ఫైలు ఒక్కటే ఉన్నా, అదే హెచ్చరిక ప్రతి రాత్రీ వస్తుంది. దీనిని పట్టించుకోకపోతే ఆ ఫైలుకు మాత్రం నకలు ఎప్పటికీ తయారు కాదు.

చూడడానికి ఒకేలా ఉండి లోపల వేరుగా ఉండే పేర్లు మరొక చిక్కు. ఐత్వం గుర్తును యూనికోడులో ఒకే సంకేతంగాను, రెండు సంకేతాలుగాను రాయవచ్చు. పాత మ్యాక్ కంప్యూటర్లలోని హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్ ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలో దాచేది. అందువల్ల "హైదరాబాదు" అనే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపించడం, ఒకదానిలోని ఫైళ్ళు మరొకదానిలో దొరకకపోవడం జరుగుతుంది. పొల్లు తరువాత కంటికి కనపడని విడదీత సంకేతం ఉండిపోయినా ఇదే ఇబ్బంది కలుగుతుంది.

దక్షిణ తెలంగాణ పరిస్థితులు

పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలను 2016 అక్టోబరు 11న పునర్వ్యవస్థీకరించారు. నల్గొండ నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడింది. ఈ మెట్ట ప్రాంతపు వాతావరణం నాస్ చిట్టాలోనూ ప్రతిఫలిస్తుంది.

వేసవి: ఏప్రిల్, మే నెలలలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండు వేలమందికి పైగా వడగాడ్పులకు బలికాగా, తెలంగాణలో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో నల్గొండ ఒకటి. పనిచేస్తున్న డిస్కు సాధారణంగా గది కంటే 10 నుండి 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. గదిలో 40 డిగ్రీలు ఉంటే డిస్కు 50 నుండి 55 డిగ్రీలకు చేరుతుంది. ఇది చాలా డిస్కులకు తయారీదారులు పెట్టిన 60 డిగ్రీల ప్రాంతపు హద్దుకు దగ్గర. మార్చి నుండి జూన్ వరకు మధ్యాహ్నం మాత్రమే వచ్చి, తొలకరితో ఆగిపోయే హెచ్చరికలకు వేడిమే కారణమని భావించవచ్చు. అటువంటి పరికరాన్ని అటక మీద నుండి, రేకుల కప్పు కింద నుండి, మూసిన అలమర నుండి తీసి గాలి ఆడే చోట ఉంచాలి.

దుమ్ము: చల్కా నేలల ఎర్రటి దుమ్ము ఫ్యానుకు, గాలి రంధ్రాలకు పట్టి ఫ్యాను వేగం తగ్గుతుంది. "ఫ్యాను నెమ్మదించినది" అనే హెచ్చరిక వచ్చినప్పుడు పరికరాన్ని ఆపి, ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో శుభ్రం చేయాలి.

విద్యుత్తు: తెలంగాణ ఏర్పడక ముందు ఈ జిల్లాలు విద్యుత్తు కొరత, కోతలను చవిచూశాయి. 2018 జనవరి 1 నుండి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. అయినా వేసవి గాలిదుమారాలకు, పిడుగులకు తీగలు తెగి కరెంటు పోవడం వేరే సంగతి. యూపీఎస్‌లోని సీసపు బ్యాటరీ వేడికి త్వరగా క్షీణిస్తుంది. 25 డిగ్రీలకు పైన ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఒక స్థూలమైన లెక్క. కనుక చల్లని ప్రాంతాల లెక్కన బ్యాటరీ మార్చే గడువు ఇక్కడ సరిపోదు.

ఒక ఉదాహరణ

ఈ కింది ఉదాహరణ వివరణ కోసం ఊహించినది. సూర్యాపేటలోని ఒక ఇంటి నాస్‌లో ఒక నెల చిట్టాలో మూడు రకాల హెచ్చరికలు ఉన్నాయనుకుందాం. మొదటిది, ప్రతి 15 నిమిషాలకూ లాగిన్ వైఫల్యం, మొత్తం 2,880 సార్లు. రెండవది, ఉదయం 8:30 నుండి 10:30 మధ్య లింకు తెగడం, 60 సార్లు. మూడవది, 197వ లెక్క 0 నుండి 8కి పెరగడం, ఒకే ఒకసారి.

సంఖ్యను బట్టి చూస్తే మొదటిదే పెద్ద సమస్యగా కనిపిస్తుంది. కానీ చిరునామా ఇంటిలోనిదే. గంటకు 4 చొప్పున రోజుకు 96, 30 రోజులకు 2,880 ప్రయత్నాలు అవుతాయి. అనగా ఇది రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉండే ఏదో యంత్రం పని. టీవీలో కొత్త సంకేతపదం ఇస్తే ఆగిపోతుంది. రెండవ దానిలోని సమయానికి ఐదున్నర గంటలు కలిపితే మధ్యాహ్నం 2 నుండి 4 గంటలు అవుతుంది. రేకుల కప్పు కింద ఉన్న నెట్‌వర్కు స్విచ్చి వేడెక్కడం దీనికి కారణం కావచ్చు. దానిని కిందికి మార్చి వారం రోజులు గమనిస్తే తెలుస్తుంది. ఒక్కసారే వచ్చిన మూడవ హెచ్చరిక అన్నిటికంటే ముఖ్యమైనది. ఎనిమిది సెక్టార్లు చదవడానికి కష్టమవుతున్నాయి. అదే రోజు నకలు తీసుకోవలసినది దీని కోసమే. మిగిలిన రెండూ రేపటికి వాయిదా వేయదగినవి.

తరచుగా వచ్చే హెచ్చరికల వల్ల కలిగే అసలు నష్టం ఈ ఉదాహరణలో కనిపిస్తుంది. 2,880 వరుసల మధ్య ఒక్క వరుస మరుగున పడిపోతుంది. హాని లేని హెచ్చరికలకు కూడా కారణం వెదికి తొలగించాలనడం ఇందుకే.

పాటించవలసిన క్రమం

1. డిస్కుకు సంబంధించిన హెచ్చరిక ఉంటే ముందుగా ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీయాలి.
2. గడియారం, టైమ్ జోన్ సరిచూడాలి.
3. చిట్టాను వేరే కంప్యూటరులోకి కాపీ చేసుకోవాలి. పాత వరుసలను పరికరం కొంతకాలానికి చెరిపివేస్తుంది.
4. హెచ్చరికలను రకాల వారీగా విడదీసి, సంఖ్యను, వేళలను రాసుకోవాలి.
5. సమాన వ్యవధులలో వచ్చేవాటికి ఏదైనా ప్రోగ్రాము, పగటి వేళలలో వచ్చేవాటికి వేడిమి, క్రమం లేనివాటికి కేబులు లేదా విద్యుత్తు కారణమేమో చూడాలి.
6. ఒకసారి ఒక మార్పు మాత్రమే చేసి, కొన్ని రోజులు గమనించాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

రెయిడ్ మరియు నకలు

రెండు డిస్కులలో ఒకే సమాచారాన్ని రాసే పద్ధతి రెయిడ్ 1. రెయిడ్ అనే భావనను బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988 నాటి పత్రంలో వివరించారు. ఒక డిస్కు పాడైనా పని ఆగకుండా ఉండడం దీని ప్రయోజనం. ఒక డిస్కు ఆగినప్పుడు చిట్టాలో "రెయిడ్ బలహీనపడినది" అని వస్తుంది. ఫైళ్ళు మామూలుగానే తెరుచుకుంటుండడం వల్ల చాలామంది దీనిని పట్టించుకోరు. రెండవ డిస్కు కూడా ఆగిన నాడు ఏమీ మిగలదు.

పొరపాటున చెరిపివేసిన ఫైలు రెండు డిస్కులలోనూ చెరిగిపోతుంది. వైరసు తాళం వేస్తే రెండింటిలోనూ వేస్తుంది. పిడుగుపాటుకు పరికరంతో పాటు రెండు డిస్కులూ పోవచ్చు. అందుచేత రెయిడ్ నకలుకు ప్రత్యామ్నాయం కాదు. నకలు వేరే డిస్కులో, పని అయిన తరువాత వైరు తీసి, వీలైతే వేరే ఇంటిలో ఉంచవలసినది. అప్పుడప్పుడు ఆ నకలు నుండి ఒకటి రెండు ఫైళ్ళు తెరిచి చూడడం కూడా అవసరం. బ్యాకప్పు పూర్తయినదని చిట్టాలో రాసి ఉన్నా, ఆ ఫైలు తెరుచుకుంటుందో లేదో తెరిచి చూస్తేనే తెలుస్తుంది.